ఊగే కుర్చీ కింది వంపు బద్దలు ఒకే పలకలోంచి కోయొచ్చా?

కోయొచ్చు, కానీ నేనైతే వద్దంటాను. వెడల్పాటి పలక మీద వంపు గీసి రంపంతో కోస్తే, వంపు ఎక్కువున్న చోట నార అడ్డంగా తెగిపోతుంది. బరువు పడినప్పుడు విరిగేది అక్కడే. పైగా బోలెడు కలప దండగ.

దానికి బదులు సుమారు 3 మి.మీ. మందం పేళ్లు (పలచని పట్టీలు) తీసి, జిగురు రాసి ఒకదాని మీద ఒకటి పేర్చి, వంపు అచ్చుకు క్లాంపులతో బిగించి రాత్రంతా వదిలేయండి. విప్పాక వంపు కాస్త విచ్చుకుంటుంది, కాబట్టి అచ్చులో కొంచెం ఎక్కువ వంపు పెట్టుకోవాలి. పేళ్లు పలచనైతే ఈ బెడద తగ్గుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అతికించబోయే ముందు థిన్నర్‌తో తుడవకపోతే జిగురు సరిగా పట్టదు. అమెరికాలో పేరున్న ఫర్నిచర్ పనివాడు శామ్ మలూఫ్ తన ఊగే కుర్చీలకు పొరలు అతికించే చేసేవాడు.

ఇంకో పద్ధతి ఆవిరి పట్టి వంచడం, అది థోనెట్ అనే ఫర్నిచర్ కంపెనీ వాళ్ల దారి. అంగుళం మందానికి దాదాపు గంట ఆవిరి కావాలి, బట్టీలో ఆరబెట్టిన కలప సరిగా లొంగదు.

ఏదైనా సరే, రెండు బద్దలూ ఒకే అచ్చు మీద చేయండి. తేడా వస్తే కుర్చీ ఊగుతూ ఊగుతూ పక్కకి జరుగుతుంది.