నీ ఎస్సైకి కూడా ఒక కారణం ఇవ్వు

తమ్ముడూ,

నీ స్క్రిప్ట్ చదివాను. మధ్యలో విసుగొచ్చి పక్కన పెట్టేసి, మళ్లీ తీశాను. మిలటరీ నుంచి రిటైరైన హవల్దారు బస్టాండు హోటల్లో గోడకి ఆనుకుని, వచ్చేపోయేవాళ్లంతా కనిపించే చోటే చూసుకుని కూర్చుంటాడు చూడు, అది బాగుంది. ఆ తర్వాత ఎస్సై వచ్చాడు, నా ప్రాణం తీశాడు.

తాగుబోతు, లంచగొండి, ఎమ్మెల్యే బావమరిది, పైగా ఆడపిల్లల్ని ఏడిపిస్తాడు. అన్నీ ఒక్కడే! అలాంటివాణ్ణి ఎవడైనా తంతాడు. దానికి మిలటరీ ట్రైనింగ్ దేనికి?

'ఫస్ట్ బ్లడ్' లెక్కలేనన్ని సార్లు చూశానని రాశావు. ఏం చూశావోనని నా అనుమానం. 1982లో వచ్చిన ఆ హాలీవుడ్ సినిమాలో, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు రాంబో ఊళ్లోకి గొడవకి రాడు. తన దళంలో తనతోపాటు మిగిలిన ఒక్క స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వస్తాడు. ఇంటి దగ్గర బట్టలారేస్తున్నావిడ, అతను కేన్సర్‌తో పోయాడని చెబుతుంది. వియత్నాంలో అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే మందు వల్ల వచ్చిన కేన్సర్ అది. ఆ కబురు గుండెల్లో పెట్టుకుని, ఆకలితో టౌను దాకా నడిచొస్తాడు. ఇదంతా మనకి తెలుసు, ఆ ఊరి పోలీసు అధికారి షెరీఫ్ టీజిల్‌కి తెలీదు. రాంబో చెప్పడు కూడా. నీ హవల్దారు మాత్రం కార్గిల్ దగ్గర్నుంచి భార్య చావు దాకా మొదటి సీన్లోనే ఎస్సైకి అప్పజెప్పేశాడు. ఇక మాకు మిగిలిందేమిటి?

సరే, టీజిల్ చేసిన పాపమేమిటి? జుట్టు పెంచుకుని, జెండా గుర్తున్న ఆర్మీ కోటు వేసుకుని నడుస్తున్న ఒక బికారి కనిపించాడు. కారెక్కించుకుని, ఊరు దాటించి, వంతెన దగ్గర దింపాడు. తిండి కావాలంటే హైవే మీద ముందుకెళ్లి తినమన్నాడు. తన ఊరు ప్రశాంతంగా ఉంటే చాలనుకునే మనిషి అతను. రాంబో వెనక్కి తిరిగి మళ్లీ ఊరివైపు నడుస్తాడు, అంతే. ఒక పూట తిండి దగ్గర మొదలైన గొడవ అడవిదాకా, హెలికాప్టర్లదాకా వెళ్తుంది.

స్టేషన్లో గడ్డం గీసే సీను ఇంకోసారి చూడు. పోలీసుల లెక్కలో అది జడ్జి ముందుకి తీసుకెళ్లే ముందు ఖైదీని శుభ్రం చేయడం. రాంబోకి మాత్రం ఆ కత్తి కనపడగానే వియత్నాం చెర, ఒంటిమీద పడ్డ కత్తిగాటు గుర్తొస్తాయి. వాళ్లలో ఒక కుర్ర డిప్యూటీ ఇదేదో తేడాగా ఉందని ఆపబోతాడు కూడా. గాల్ట్ అనే దుర్మార్గుడు ఒకడున్నాడు, కాదనను. సినిమా మొత్తంలో మన కళ్లముందు చచ్చేది వాడొక్కడే. నీ స్క్రిప్టులో ఇంటర్వెల్‌కి ముందే ఎంతమంది పోయారో నువ్వే లెక్కపెట్టుకో.

దీనికి మూలం డేవిడ్ మోరెల్ 1972లో రాసిన నవల. అందులో కథ కాసేపు రాంబో వైపు నుంచి, కాసేపు టీజిల్ వైపు నుంచి నడుస్తుంది. టీజిల్ కూడా కొరియా యుద్ధంలో పోరాడి వచ్చినవాడే! చివరికి ఇద్దరూ పోతారు. సినిమాలో ఇద్దరినీ బతికించారు. టీజిల్ పతకాలు అతని ఆఫీసులో కనబడతాయి గానీ ఎవరూ వాటి ఊసెత్తరు. నాకు ఆ ఊసెత్తకపోవడమే ఇష్టం.

మద్రాసులో ఉన్నప్పుడు నేనూ ఒక ఎస్సై పాత్ర రాశాను. కూతురి పెళ్లికి సెలవు దొరక్క, ఆ చిరాకులో రిక్షావాడి మీద చెయ్యి చేసుకుంటాడు. నిర్మాత విని, "విలన్ కూతురి పెళ్లి మనకెందుకయ్యా?" అన్నాడు. పెళ్లి తీసేయించి, గ్లాసు, పేకముక్కలు పెట్టించాడు. ఆ సినిమా ఆడింది కూడా, అదీ నా మంట. ఇప్పటివాళ్లు దాన్నే 'ఎలివేషన్' అంటున్నారు. హీరో కాలు కదిపితే డ్రమ్ములు మోగాలట. ఎదుటివాడు మనిషే కానప్పుడు ఎవరి మీద ఎలివేషన్?

మన 'ఖైదీ'కి (1983) ప్రేరణ ఎక్కడిదో అందరికీ తెలిసిందే. అయితే అక్కడి సైనికుణ్ణి ఇక్కడికి లాక్కురాలేదు. రైతు కొడుకునీ, భూస్వామినీ పెట్టారు. ఆ కోపం ఎక్కడిదో మన జనానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నువ్వు సైనికుణ్ణే పెడతానంటావు, పెట్టు. కానీ అమెరికా అవమానాన్ని అరువు తెచ్చుకోకు. వియత్నాం నుంచి వచ్చినవాళ్లకి అక్కడ చాలామంది మొహం చాటేశారు. మన ఊళ్లలో మిలటరీవాడు సెలవుకొస్తే గౌరవంగానే చూస్తారు, క్యాంటీన్ సీసా ఏదని చెవిలో అడుగుతారు. మనవాడికి దెబ్బ తగిలేది మరో చోట. మాజీ సైనికుడిగా తనకిచ్చిన భూమిలో ఇంకెవడో కంచె వేసుకుంటే, కాగితాలు పట్టుకుని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం ఉంది చూడు, అక్కడ వెతుకు.

ముందు ఆ స్టేషన్ సీను మొత్తం ఎస్సై వైపు నుంచి రాసి పంపు. పొద్దున్నే సీఐ చేత ఏం మాటలు పడ్డాడు, రాత్రి బందోబస్తులో ఎంతసేపు నిలబడ్డాడు, హవల్దారుని చూడగానే వాడికి ఎవరు గుర్తొచ్చారు, అన్నీ రాయి. హవల్దారు గతం ఒక్క ముక్క కూడా వాడికి తెలియకూడదు. హీరో ఎవరైతే బాగుంటుందని అడిగావు, అదంతా తర్వాత.

ఉంటాను.