అరవై అయిదు దాటితే టెక్సస్‌లో ఇంటి పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: ఫ్రిస్కోలో ఇల్లు నా పేరున ఉంది. నాతో ఉంటున్న నాన్నగారికి సెప్టెంబర్‌లో 65 నిండుతాయి. సీనియర్ల మినహాయింపు మాకు వస్తుందా?

జవాబు: రాదు. వయసొక్కటే చాలదు, డీడ్‌లో (ఇంటి యాజమాన్య పత్రంలో) ఆయన పేరూ ఉండాలి. పేరు చేర్చినా సాధారణంగా ఆయన వాటా మేరకే దక్కుతుంది. పైగా లోన్ ఇచ్చిన బ్యాంకును, గిఫ్ట్ ట్యాక్స్ సంగతి చూసే అకౌంటెంటును అడగకుండా డీడ్ జోలికి పోకూడదు. ఏటా కొన్ని వందల డాలర్ల కోసం ఇంత తతంగం దండగే అనిపిస్తుంది.

ప్రశ్న: ప్లానోలో ఇల్లు మా దంపతుల పేరునే ఉంది. నాకు ఈ ఏడాదే 65 వస్తాయి. ఎంత తగ్గుతుంది? ఏటా ఆరు నెలలు విజయవాడలో ఉంటాం, ఇబ్బందా?

జవాబు: సొంత ఇంట్లో ఉండేవారందరికీ స్కూల్ ట్యాక్స్ (ఇంటి పన్నులో బడులకు వెళ్లే భాగం) లెక్కలో 2025 నుంచి ఇంటి విలువలో 1,40,000 డాలర్లు తీసేస్తారు. 65 దాటినవారికి ఇంకో 60,000. ఇంటి విలువ 4,50,000 అనుకుంటే పన్ను పడేది 2,50,000 మీదే. స్కూల్ పన్ను రేటు 1.2 శాతమైతే ఆ అదనపు 60,000 వల్ల మిగిలేది 720 డాలర్లు. పుట్టినరోజు ఏ నెలలో వచ్చినా ఆ ఏడాది మొత్తానికీ వర్తిస్తుంది.

అసలు లాభం వేరే ఉంది. ఆ ఏడాది స్కూల్ పన్ను ఎంత పడిందో అదే మీకు గరిష్ఠం. ఇంటి ధర పెరిగినా అది దాటదు. రిపేర్లతో ఇబ్బంది లేదు కానీ, కొత్తగా గది కట్టిస్తే ఆ మేరకు పెరుగుతుంది. సిటీ, కౌంటీ పన్నుల్లో రాయితీలు ఎక్కడికక్కడ వేరు.

50-114 ఫారం నింపి మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టుకు (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే కార్యాలయానికి) పంపాలి. డ్రైవింగ్ లైసెన్సు లేదా స్టేట్ ఐడీ కాపీ జతచేయాలి. చాలా దరఖాస్తులు ఆగేది ఇక్కడే: లైసెన్సు మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రసే ఉండిపోతుంది. ముందు అది మార్పించుకోండి. గడువు ఏప్రిల్ 30. దాటినా ఆలస్యపు దరఖాస్తుకు వీలుంది.

తిరిగొచ్చే ఉద్దేశం ఉండి, ఇంకెక్కడా స్థిరపడకపోతే రెండేళ్లలోపు గైర్హాజరుకు మినహాయింపు పోదు. ప్రమాదం పోస్టుతోనే. అయిదేళ్లకోసారైనా అప్రైజల్ డిస్ట్రిక్ట్ అర్హతను మళ్లీ సరిచూస్తుంది. ఆ ఉత్తరం మీరు విజయవాడలో ఉండగా వచ్చి, జవాబు వెళ్లకపోతే మినహాయింపు రద్దు కావచ్చు. పోస్టు తెరిచి చూసేవాళ్లెవరినైనా పెట్టుకోండి.

నెలవాయిదాలోనే పన్ను కూడా కడుతుంటే, వాయిదా వెంటనే తగ్గలేదని కంగారుపడకండి. ఎస్క్రో (పన్ను కోసం వాయిదాలోంచి బ్యాంకు పక్కన పెట్టే సొమ్ము) లెక్క తిరగేసినప్పుడు తగ్గుతుంది. మంజూరు కాగితం బ్యాంకుకు పంపండి.

ప్రశ్న: మినహాయింపు ఇప్పిస్తామంటూ ఫీజు అడుగుతూ ఉత్తరం వచ్చింది. కట్టాలా?

జవాబు: అక్కర్లేదు. దరఖాస్తు పూర్తిగా ఉచితం. ఫారం అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులోనే ఉంటుంది.