డైరెక్ట్ రైలు కోసం వారం ఆగాలా, జంక్షన్‌లో మారి వెళ్ళాలా?

వారానికి ఒకటి రెండు రోజులే నడిచే డైరెక్ట్ రైలు కోసం ఆగడం మేలా, రోజూ దొరికే రెండు రైళ్ళు పట్టుకుని మధ్యలో మారి వెళ్ళడం మేలా అని మీరు అడిగారు. మారి వెళ్ళడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. అలా మారబోయి నేను, మా అమ్మ ఒక పూటంతా ప్లాట్‌ఫారం మీద కూర్చోవలసి వచ్చింది. అయినా నా నమ్మకం మారలేదు సరిగదా, ఆ రోజు నుంచి ఇంకా గట్టిపడింది.

మా అక్క అత్తవారి ఊరు కర్ణాటకలో ఒక బ్రాంచి లైను మీద ఉంది. కోస్తాలో ఉన్న మా ఊరి నుంచి అక్కడికి నేరుగా బండి లేదు. 2022 ఫిబ్రవరిలో అమ్మను తీసుకుని బయలుదేరాను. మొదటి బండి తెల్లవారుజామున 5.10కి ఒక జంక్షన్ చేరాలి. అక్కడి నుంచి అక్కావాళ్ళ ఊరి మీదుగా పోయే బండి 6 గంటలకు బయలుదేరుతుంది. మధ్యలో యాభై నిమిషాల వ్యవధి ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాను. రాత్రంతా బండి బాగానే నడిచింది. తీరా జంక్షన్ దగ్గర పడ్డాక 5.40కి అవుటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆగింది. అప్పటికే ఆలస్యం అరగంట. స్టేషన్ దీపాలు కనబడుతూనే ఉన్నాయి. అమ్మ చెప్పులు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీ ఊచలు పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు గడిచాయి గానీ బండి కదలలేదు. సరిగ్గా ఆరు దాటాక పక్క లైనులో ఒక బండి స్టేషన్ వైపు నుంచి మెల్లగా మాకు ఎదురు వచ్చింది. దాని బోగీల మీద ఊరి పేరు చదవగానే నాకు నోట మాట రాలేదు. మేము బెర్తులు బుక్ చేసుకున్న ఎస్3 బోగీ మా కిటికీకి రెండు గజాల దూరంలోంచి వెళ్ళిపోయింది. “మనం ఎక్కవలసిన బండి అదేనా?” అని అమ్మ అడిగింది. చివరి బోగీ వెనుక పసుపుపచ్చ రంగులో వేసిన ఇంటూ గుర్తు దాటిపోయేదాకా నేను జవాబు చెప్పలేదు.

ఆ తరువాత ఎనిమిది నిమిషాలకు మా బండి కదిలి ప్లాట్‌ఫారం చేరింది. ఎందుకు ఆపారని డ్యూటీలో ఉన్న ఉద్యోగిని అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పిన సమాధానం నేను ఎప్పటికీ మరచిపోలేను. మా బండి రావలసిన ప్లాట్‌ఫారం మీదే ఆ ఆరు గంటల బండి నిలబడి ఉందట. మిగిలిన లైన్లలో ఒక గూడ్సు, మరొక ఎక్స్‌ప్రెస్ ఉన్నాయట. అది వెళితే గానీ మాకు చోటు దొరకదట. అంటే మేము ఎక్కవలసిన బండిని సాగనంపడం కోసమే మమ్మల్ని బయట ఆపారన్న మాట. ఆయన మాటలో తప్పు లేదు. ఒక బండి సమయానికి బయలుదేరింది, మరొక బండి చోటు దొరికాక లోపలికి వచ్చింది, లెక్కల్లో రెండూ సరిగానే ఉన్నాయి. ఈ బండిలో ఆ బండి ఎక్కవలసిన మనుషులు ఉన్నారన్న సంగతి మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

మాతో పాటు మరో రెండు కుటుంబాలు దిగి అలాగే నిలబడిపోయాయి. సామాను మోసే ఒక పెద్దాయన అమ్మను చూసి, “దినామూ ఇంతేనమ్మా, ఈ బండి లోపలికొచ్చే సరికి ఆ బండి పోయుంటాది” అన్నాడు. తరువాతి బండి మధ్యాహ్నం పన్నెండున్నరకు. అందులో రిజర్వేషన్ లేదు గనుక అమ్మ అరవై ఎనిమిదేళ్ళ వయసులో జనరల్ బోగీలో, తలుపు పక్కన, సంచీ మీద కూర్చుని ప్రయాణం చేసింది.

ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచినది ఒకటి ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి రైల్వేలో రెండు టికెట్ల పి.ఎన్.ఆర్.లను ఒకదానితో ఒకటి జత చేసుకునే సౌకర్యం వచ్చింది. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణం చేయని భాగానికి రద్దు ఛార్జీలు లేకుండా డబ్బు వెనక్కి ఇస్తారు. నేను ఆ విధంగానే జత చేశాను, దరఖాస్తు పెట్టాక డబ్బు వచ్చింది కూడా. కానీ ఆ నియమం డబ్బు ఇస్తుందే తప్ప తరువాతి బండిలో చోటు ఇవ్వదు. ఫలానా బండిలో వస్తున్న ఇంతమంది ఫలానా బండి ఎక్కాలన్న సమాచారం ముందు రోజే కంప్యూటరులో ఉన్నప్పుడు, దాన్ని డబ్బు తిరిగి ఇవ్వడానికి మాత్రమే వాడుకుని, బండిని పది నిమిషాలు ఆపడానికి వాడుకోకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. బండ్ల రాకపోకలను నడిపించే కంట్రోలరు తెర మీద ఆ ఒక్క అంకె కనబడితే చాలు. ఆ రోజు మా కోసం ఎనిమిది నిమిషాలు కూడా అక్కరలేదు. గూడ్సును ముందే మరొక లైనులోకి మళ్ళించి ఉంటే సరిపోయేది.

మన దగ్గర ఏ ఊరికి రైలు సమస్య వచ్చినా, ఎంపీకి ఇచ్చే వినతిపత్రంలో మొదటి కోరిక కొత్త డైరెక్ట్ రైలే అయి ఉంటుంది. చివరికి వచ్చేది చాలాసార్లు వారానికి ఒక్క రోజు నడిచే బండి. మనకు పెళ్ళి గురువారం ఉంటుంది, బండి ఆదివారం నడుస్తుంది. అదే రోజూ నడిచే రెండు బండ్లు ఒక జంక్షన్‌లో సరిగ్గా కలిస్తే, కొత్త బండి ఖర్చు లేకుండా వారానికి ఏడు రోజులూ ఆ ప్రయాణం కుదురుతుంది. పైగా కొత్త బండికి లైను మీద చోటు ఎక్కడుంది? విజయవాడ–కాజీపేట మార్గాన్నే చూడండి. హైదరాబాదు నుంచి కోస్తాకు వచ్చే బండ్లలో ఎక్కువ భాగం, ఢిల్లీ నుంచి చెన్నైకి వెళ్ళే బండ్లు, సింగరేణి బొగ్గు వ్యాగన్లు, అన్నీ దాని మీదే నడవాలి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడినప్పుడు, ఎన్ని ఊళ్ళ డైరెక్ట్ బండ్లు ఒక్కసారిగా నిలిచిపోయాయో అందరూ చూశారు. కొన్నింటిని గుంటూరు మీదుగా మళ్ళించారు. 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి లైను పూర్తయితే తీర ప్రాంతపు ప్రధాన మార్గానికి సమాంతరంగా మరొక దారి ఏర్పడుతుంది. పది కొత్త బండ్ల పేర్లు ప్రకటించడం కంటే అటువంటి లైను ఒకటి త్వరగా ముగించడం నా దృష్టిలో ఎంతో విలువైనది.

దూరం పెరిగే కొద్దీ ఆలస్యం కూడా పోగుపడుతుంది. దిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారికి 2011లో మొదలైన వివేక్ ఎక్స్‌ప్రెస్ నాలుగు వేల కిలోమీటర్లకు పైగా నడిచే బండి, దేశంలో అన్నిటికంటే పొడవైన ప్రయాణం దానిదే. అది మన కోస్తా మీదుగానే వెళుతుంది. అస్సాంలో పోగొట్టుకున్న గంటకు నెల్లూరు ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడు మూల్యం చెల్లించవలసి ఉంటుంది. అదే రెండు మూడు వందల కిలోమీటర్లు నడిచే బండి అయితే, ఎక్కడో జరిగిన అంతరాయం దానిని తాకదు.

స్విట్జర్లాండు వారు ఈ విషయాన్ని నలభై ఏళ్ళ కిందటే గ్రహించారు. 1982లో దేశమంతటా గంట గంటకూ ఒకే నిమిషానికి బండ్లు నడిచే టైమ్‌టేబుల్ పెట్టుకున్నారు. గంట కొట్టడానికి కొంచెం ముందు అన్ని వైపుల నుంచీ బండ్లు పెద్ద స్టేషన్‌కు చేరతాయి, కొంచెం తరువాత అన్ని వైపులకూ బయలుదేరతాయి. 2004లో కొత్త లైను వేసి బెర్న్–జూరిక్ ప్రయాణాన్ని గంట లోపుకు తగ్గించినది కూడా వేగం కోసమే కాదు, రెండు చోట్లా మిగతా బండ్లను అందుకోవడం కోసం. ఏ బండి ఎంత వేగంగా పోవాలన్నది అక్కడ జంక్షన్ నిర్ణయిస్తుంది. మన దేశం పెద్దది, గూడ్సుల రద్దీ ఎక్కువ, గంట గంటకూ అలా నడపడం ఇక్కడ కుదరదని నాకు తెలుసు. కానీ రోజుకు ఒక్కసారి, ఒక్కొక్క జంక్షన్‌లో, ఒక్కొక్క జత బండ్లను కలపడం తప్పకుండా కుదురుతుంది.

మారి వెళ్ళేవారి మీద రైల్వేకు దయ లేదనడానికి మరికొన్ని గుర్తులు ఉన్నాయి. దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది గనుక, రెండు టికెట్లు విడివిడిగా కొనేవాడు అదే దూరానికి ఎక్కువ చెల్లిస్తాడు, రిజర్వేషన్ ఛార్జీ కూడా రెండుసార్లు కడతాడు. విశాఖపట్నంలో ఇంజను మార్చి దిశ తిప్పవలసి వస్తుందని కొన్ని బండ్లను నగరంలోకి రానివ్వకుండా దువ్వాడ మీదుగా పంపిస్తారు. కారణం సహేతుకమే. అయితే దువ్వాడలో దిగి అరకు వైపు వెళ్ళవలసిన కుటుంబం విశాఖ స్టేషన్‌కు ఎలా చేరాలో కూడా ఆలోచించాలి కదా. హైదరాబాదులో సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి, లింగంపల్లి చాలవన్నట్టు 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా ప్రారంభమైంది. స్టేషన్లు పెరగడం సంతోషమే. కానీ చర్లపల్లిలో దిగినవాడు కాచిగూడలో బండి అందుకోవాలంటే సామానుతో నగరం దాటాలి.

మీ ప్రయాణం సంగతికి వస్తే, రెండో బండి ఆ జంక్షన్ నుంచే మొదలయ్యేదైనా, దూరం నుంచి వచ్చేదైనా, మొదటి బండికి కనీసం మూడు గంటల వెసులుబాటు ఇవ్వండి. మొదటిది తక్కువ దూరం నుంచి వచ్చేదిగా చూసుకోండి. విజయవాడ వంటి చోట, లేదా అయిదు దిక్కులకు లైన్లు ఉన్న గుంతకల్లు వంటి చోట మారండి, ఒకటి తప్పినా మరొకటి దొరికే అవకాశం ఉంటుంది. రెండు పి.ఎన్.ఆర్.లనూ తప్పకుండా జత చేయండి. నడవలేని పెద్దవారు వెంట ఉండి, మారవలసిన సమయం అర్ధరాత్రి అయితే మాత్రం డైరెక్ట్ బండి రోజు దాకా ఆగండి.

మేము గత ఏడాది మళ్ళీ అక్కావాళ్ళ ఊరికి వెళ్ళాము. ఈసారి ముందు రోజు సాయంత్రమే ఆ జంక్షన్ చేరి, రిటైరింగ్ రూములో పడుకుని, పొద్దున్నే అదే ఆరు గంటల బండి ఎక్కాము. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, దూరంగా అవుటర్‌లో వెలుగుతున్న ఇంజను లైటు చూపించి, “అందులో మనలాంటి వాళ్ళు ఉంటారు కదురా” అన్నది. మా బండి సరిగ్గా ఆరింటికి కదిలింది. అవుటర్‌లో ఆగి ఉన్న బండిని దాటుతుండగా, అందులో ఒకావిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఊచలు పట్టుకుని మా బోగీల మీద ఉన్న ఊరి పేరు చదువుతూ కనబడింది.