వరదలో నాలుగు శాఖలు దిగితే ఆర్డర్ ఎవరిది?

ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం), ఫైర్, పోలీసు, రెవెన్యూ ఒకేచోట దిగితే ఎవరి మాట చెల్లుతుందని కదా మీ ప్రశ్న. దీనికి 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఎన్‌డీఎంఏ ఇచ్చిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ ఉంది, అంటే విపత్తులో ఎవరు ఎవరి కింద పనిచేయాలో చెప్పే చార్టు. జిల్లాలో బాధ్యత కలెక్టర్‌ది. ఆ కింద ఇన్సిడెంట్ కమాండర్, కమాండర్ కింద ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ విభాగాలు. ఫైర్ వాళ్ల మీద పోలీసులు పెత్తనం చేయరు, ఎవరి యూనిఫాం వాళ్లదే, కానీ బోటు ముందు ఏ కాలనీకి వెళ్లాలన్నది మాత్రం ఒక్కచోటే తేలుతుంది, ఆ బోటుకి పెట్రోలు, అందులో వాళ్లకి అన్నం పొట్లాలు చూసేది లాజిస్టిక్స్. ఒక్కో అధికారి కింద ఐదుగురే, అటూఇటూగా. వాకీటాకీలో ఇరవై మంది ఒకేసారి అరిస్తే ఏం వినపడుతుంది? ఈ పద్ధతికి మూలం 1970 నాటి కాలిఫోర్నియా కార్చిచ్చుల అనుభవం. పరామర్శకొచ్చే వీఐపీ కాన్వాయ్‌కి మాత్రం ఆ చార్టులో గడి లేదు, అసలు టెన్షన్ అక్కడే.