షార్ట్‌వేవ్ రేడియో గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన వ్యాసం మొత్తం చదివాను. దూరదేశాల స్టేషన్లు పట్టే తాతగారి పాత షార్ట్‌వేవ్ రేడియో సరిగ్గా పట్టట్లేదు, లోపం ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి అన్నది చాలా మంచి విషయం, మన కోనసీమలో ఇప్పటికీ ఎన్నో ఇళ్ళల్లో అటకమీద ఒకటి పడుంటుంది, ఏ మనవడో దించి దుమ్ము తుడిచి సెల్స్ వేస్తాడు, సుయ్‌మంటుంది తప్ప ఏమీ పలకదు, పాడైపోయిందనుకుని మళ్ళీ అటకెక్కించేస్తాడు. ఆ మనవడి కోసమే నువ్వు రాస్తున్నావు. అతనికి మొదటి పేరాలో మార్కోనీ గారి చరిత్ర అక్కర్లేదు, అది తీసెయ్.

అసలు చిక్కు రెండో పేరాలో ఉంది. "నాయిస్ ఎక్కువగా ఉంటే యాంటెన్నా చెక్ చేయాలి" అని రాశావు. ఏ నాయిస్? చదివేవాడి దగ్గర మీటర్లుండవు, చెవులుంటాయి, కాబట్టి ఏం వినపడుతుందో రాయి, అది వినపడితే దేన్ని అనుమానించాలో వెంటనే పక్కనే రాయి. వాల్యూం తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే ఆ కంట్రోల్ లోపల దుమ్ము పట్టింది, సిగ్నల్‌కీ దానికీ సంబంధం లేదు. ఆగకుండా ఒకే తీరున బర్ర్‌మంటుంటే చుట్టుపక్కల కరెంటు వస్తువేదో చేస్తోంది. ఉండుండి చిటపటలాడితే ఎక్కడో దూరాన మెరుస్తోంది, వేసవి సాయంత్రాలు మనకి మామూలే, దానికి మందు లేదు. మాట మెల్లగా సన్నగిల్లి మళ్ళీ పుంజుకుంటుంటే అది అసలు రోగమే కాదు, సిగ్నల్ పైన ఆకాశంలో ఎంతో ఎత్తునుండే అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి వంగి కిందికొస్తుంది కదా, ఆ పొర కుదురుగా ఉండదు. సౌండ్ పెంచగానే మాట వణికి స్టేషన్ పక్కకి జరిగిపోతుంటే ముందు సెల్స్ మార్చమను.

ఇంకోటి, అన్నిటికన్నా ముందు ఉండాల్సిన పరీక్ష నీ వ్యాసంలో లేనే లేదు. బ్యాండ్ స్విచ్చి మీడియం వేవ్‌లో పెట్టి 837 కిలోహెర్ట్జ్ దగ్గర విజయవాడ ఆకాశవాణి వెతకమను. అది శుభ్రంగా వస్తే సెల్స్, స్పీకరు, లోపల సౌండ్ వైపు సర్క్యూట్టూ బావున్నట్టే, ఇక చూడాల్సింది షార్ట్‌వేవ్ వైపే. ఎందుకో కూడా రాయాలి: మీడియం వేవ్‌కి లోపలుండే ఫెర్రైట్ అనే నల్లటి కడ్డీయే యాంటెన్నా, షార్ట్‌వేవ్‌కి పైకి లాగే రాడ్డు. అందుకే మీడియం వేవ్‌లో సెట్టుని అటూ ఇటూ తిప్పితే తేడా వస్తుంది, షార్ట్‌వేవ్‌లో ఎంత తిప్పినా పెద్దగా ఒరిగేదేం లేదు, సెట్టుని కిటికీ దగ్గరకో అరుగు మీదకో తీసుకెళ్ళాలి, స్లాబ్ ఇల్లైతే మరీనూ, స్లాబు నిండా ఇనప ఊచలే కదా. ఈ కారణం చెప్పకుండా "కిటికీ దగ్గర పెట్టండి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే చదివినవాడు ఒకసారి పెట్టి చూసి మర్చిపోతాడు.

బర్ర్‌మనే దానికి ఒక పేరా పూర్తిగా ఇవ్వు, ఈ రోజుల్లో పాత రేడియోని చంపుతోంది అదే. ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు, ఇవేవీ తాతగారి రోజుల్లో లేవు. సెట్టుని సెల్స్ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపమను, ఇన్వర్టరు కూడా ఆపాలి, చాలామంది అది మర్చిపోతారు. చప్పుడు టక్కున పోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, అప్పుడు ఒక్కోటీ వేసుకుంటూ రేడియో చేత్తో పట్టుకుని దాని దగ్గరకి వెళ్ళమను, ఏ చార్జరు దగ్గర హోరెత్తితే అదే. పోకపోతే పక్కింటిదో వీధి లైనుదో, అప్పుడు సెట్టు పట్టుకుని చేలోకో కాలవగట్టు మీదకో నడవాలి. ఊరంతా కరెంటు పోయిన రాత్రి షార్ట్‌వేవ్ వినడానికి మహా మంచి సమయం, అది తప్పకుండా రాయి.

యాంటెన్నా గురించి ఒకే లైను రాశావు, నాకు అక్కడ దగ్గరగా చూపించాలి. రాడ్డుని చేత్తో పట్టుకుంటే చప్పుడులో ఏ మార్పూ లేకపోతే కింద వైరు ఊడిపోయిందేమో చూడాలి. సెల్స్ తీసేసి వెనక మూత విప్పితే రాడ్డు అడుగున ఒక చిన్న స్క్రూ, దాని కింద రేకు ముక్క, ఆ రేక్కి సోల్డర్ చేసిన సన్నటి వైరు కనపడతాయి, అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి ఆ రేకు మీద పచ్చగా చిలుము పట్టేసుంటుంది, పైకి వైరు అంటుకున్నట్టే ఉంటుంది గానీ వేలితో తాకితే ఊగుతుంది. ఎమరీ పేపర్‌తో రుద్ది స్క్రూ బిగించి వైరు మళ్ళీ సోల్డర్ చేస్తే ఎన్నో సెట్లు లేచి కూర్చుంటాయి. సెల్స్ స్ప్రింగులకీ ఇదే వైద్యం. బ్యాండ్ స్విచ్చికి కాంటాక్ట్ క్లీనర్ (స్విచ్చిల లోపల మురికి వదలగొట్టే స్ప్రే) కొట్టి అటూ ఇటూ బాగా ఆడించాలి, కొబ్బరినూనె మాత్రం వెయ్యొద్దని గట్టిగా చెప్పు. లోపల చిన్న డబ్బాల మీద ఎర్రవీ పసుపువీ తెల్లవీ నల్లవీ రంగు స్క్రూలుంటాయి, వాటి జోలికి వెళ్ళొద్దని అంతకన్నా గట్టిగా చెప్పు, తిప్పితే స్టేషన్లు సరిగ్గా పట్టే లోపలి అమరిక, అంటే అలైన్‌మెంట్, పోతుంది, ఇక మెకానిక్ దగ్గరకి వెళ్ళాల్సిందే.

బయట వైరు కట్టుకోవడం గురించి నువ్వు రాసింది బానే ఉంది, కాకపోతే పొడుగు ఎక్కువైతే మంచిదన్నట్టు రాశావు. ఐదారు మీటర్ల తొడుగున్న రాగి వైరు రాడ్డుకి క్లిప్పు పెట్టి కొబ్బరిచెట్టుకి కడితే చాలు, మరీ పొడుగైతే పాత సెట్టు తట్టుకోలేక ఒకదాని మీద ఒకటి స్టేషన్లు, కుయ్యిమని విజిల్సూ వస్తాయి. కరెంటు తీగలకి దూరంగా ఉండాలి, ఉరుములు మొదలవ్వకముందే వైరు తీసేయాలి. ఈ రెండూ వేరే వాక్యంలో విడిగా రాయి, ప్రాణాలతో పని.

ఏ టైముకి ఏ బ్యాండు అన్నది కూడా లేదు. షార్ట్‌వేవ్ బ్యాండ్లకి మీటర్లలోనే పేర్లు, పగలు 13, 16, 19 మీటర్లు, చీకటి పడ్డాక 31, 41, 49. మధ్యాహ్నం పూట 49 మీటర్లలో వెతికి రేడియో చచ్చిపోయింది అనుకునేవాళ్ళున్నారు, పగలు అయనోస్ఫియర్‌లో కింది పొర ఆ ఫ్రీక్వెన్సీలని మింగేస్తుంది అంతే. డయల్లో 10 మెగాహెర్ట్జ్ ఉంటే రాత్రి పూట అక్కడ ఆగమను, సరైన టైము చెప్పే చైనా స్టేషన్ సెకనుకో టిక్కు కొడుతుంటుంది, అది అందితే సెట్టు బతికే ఉంది.

చివరగా, స్టేషన్లే మూతపడ్డాయన్న సంగతి దాచకు. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31న ఆగిపోయింది, రేడియో ఆస్ట్రేలియా 2017లోనే ఆపేసింది. తాతగారు విన్న చోట ఇప్పుడు సుయ్‌మంటే ఆ తప్పు రేడియోది కాదు. ఫ్రీక్వెన్సీలు ఏటా మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుతుంటాయి, అందుకని నీ చెవితో విన్న స్టేషన్లే టైముతో సహా రాయి, ఎక్కడో దొరికిన పాత లిస్టు ఎత్తి పెట్టకు. ఈసారి అవి మారేలోపే తిరగరాసి పంపు.