బండి సందేహాలు: గూట్లో విరిగిన జెట్

ప్రశ్న: మా నాన్నగారి 1994 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఎనిమిదేళ్లుగా మల్కాజిగిరిలోని మా ఇంటి మెట్ల కింద కదలకుండా ఉంది. ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటర్‌ను విప్పితే, అందులో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న ఇత్తడి మరల్లో (జెట్లు) మెయిన్ జెట్ వచ్చింది కానీ, ఇంజిన్ నిదానంగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే పైలట్ జెట్ రాలేదు. గట్టిగా తిప్పేసరికి దాని గాడి ఒకవైపు విరిగింది. చింతపండు రసంలో రాత్రంతా నానబెడితే వదులుతుందని పక్కింటి పెద్దాయన అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ చింతపండు సంగతి తేల్చుకుందాం. ఇత్తడి బిందెకు పట్టిన చిలుమును చింతపండు వదలగొడుతుందన్నది నిజమే గానీ, మీ జెట్ ఇత్తడిదైనా దాని చుట్టూ ఉన్న కార్బురేటర్ బాడీ జింకు మిశ్రమంతో పోతపోసినది, పులుపు ముందుగా తినేది ఆ జింకునే. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా అంతే. పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పి, ఆ గిన్నె పక్కన పెట్టేయండి.

జెట్‌ను పట్టేసింది ఎండిపోయిన పెట్రోలు బంక, దానికి తోడైన చిలుము. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి నిలిపేసిన బండిలో ఈ బాధ మరీ ఎక్కువ. ఫ్లోట్ (పెట్రోలులో తేలే బుడ్డి), అది పైకి లేచినప్పుడు పెట్రోలును ఆపే నీడిల్, రబ్బరు వాషర్లు అన్నీ తీసేసి, బాడీని తలకిందులుగా నిలబెట్టి, జెట్ గూటిలో తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు బాడీని తుడిచి, పెట్రోలు వాసన పూర్తిగా పోయాక, పొయ్యి మీద కాచిన నీళ్లను బకెట్‌లో పోసి ఆరుబయటికి తెచ్చుకుని, అందులో పది నిమిషాలు ముంచండి. ఒకే వేడికి ఇత్తడి కన్నా జింకు మిశ్రమం ఎక్కువ వ్యాకోచిస్తుంది గనుక గూటి పట్టు కొంత సడలుతుంది. గ్యాస్ మంట మాత్రం నేరుగా చూపకండి. ఆ మిశ్రమం 400 డిగ్రీల లోపే కరిగిపోతుంది.

బాడీ వేడిగా ఉండగానే, మిగిలిన సగం గాడిలో అటూ ఇటూ ఊగకుండా సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్‌ను నొక్కి పట్టి, మొదట వెంట్రుకవాసి బిగించే వైపు, తరువాత విప్పే వైపు తిప్పండి. సరిపోయేది దొరక్కపోతే పాత స్క్రూడ్రైవర్ మొనను ఆకురాయితో రాసి గాడికి తగ్గట్టు చేసుకోండి. నా వద్దకు వచ్చే విరిగిన జెట్లలో ఎక్కువ భాగం సన్నని మొన వాడినందువల్ల విరిగినవే. ఈ వేడి, నూనె వరసను రెండు మూడు రోజులు ఓపికగా తిప్పి తిప్పి చేయండి.

అప్పటికీ రాకపోతే ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్ వాడాలి. రాణిగంజ్ పనిముట్ల దుకాణాల్లో అడిగి చూడండి. జెట్ మధ్యలో రంధ్రం ఎలాగూ ఉంటుంది కాబట్టి బిట్ దారి తప్పదు. కొత్త జెట్‌ను బిట్ పక్కన పెట్టి కొలిచి, ఆ పొడవు రాకముందే ఆగేలా రంగు టేపు చుట్టుకోండి, లేకపోతే లోపలి పెట్రోలు దారి పాడవుతుంది. బిట్‌ను చేతి పట్టుకారుతో మెల్లగా తిప్పండి. చాలాసార్లు బిట్ కరుచుకున్న క్షణమే జెట్ వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. శంకువులా ఉండే ఎక్స్‌ట్రాక్టర్ జోలికి పోవద్దంటాను, ఎందుకంటే అది పలుచని ఇత్తడిని గూటి గోడలకే మరింత అదుముతుంది. కుర్రతనంలో నేను ఒకదాన్ని జెట్‌లోనే విరగ్గొట్టుకున్నాను; గట్టి ఉక్కు కావడంతో ఏ బిట్టూ దిగలేదు, ఆ బాడీ నేటికీ నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపు కాస్తోంది.

జెట్ వచ్చాక ఇత్తడి పొట్టు అంతా గాలితో ఊదేసి, గూటిలోకి కార్బురేటర్ క్లీనర్ కొట్టండి. గాలి వెళ్లే సొరంగం అడుగున, స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) దగ్గరున్న సన్నని చిల్లులోంచి ధార చిమ్మితేనే దారి తెరుచుకున్నట్టు.

ప్రశ్న: నా పాత బండి కార్బురేటర్‌లో ఫ్లోట్‌ను పట్టి ఉంచే పిన్ కదలడం లేదు. సుత్తితో కొట్టవచ్చా? (ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొట్టవద్దు. పిన్‌ను మోసే రెండు చిన్న స్తంభాలు బాడీతో కలిపి పోతపోసినవి, ఒక్క దెబ్బకు పుటుక్కుమంటాయి. కొన్ని పిన్నులకు ఒకవైపు తల ఉంటుంది. భూతద్దంతో చూసి, తల లేని వైపు నుంచే తోయాలి. నూనె, వేడి నీళ్లు పైన చెప్పినట్టే. తరువాత దగ్గరి స్తంభానికి వెనుక నుంచి చెక్కముక్క ఆనించి, పిన్ కన్నా సన్నని మేకు మొనను మొద్దుచేసి దానితో నొక్కండి. స్తంభం ఇప్పటికే విరిగి ఉంటే అతుకుల మీద ఆశ పెట్టుకోకుండా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో అదే రకం పాత బాడీ కోసం వెతకండి.