సుస్తీ చేసినప్పుడు కషాయం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో జలుబు, దగ్గు, జ్వరాల ప్రస్తావన లేనివి తక్కువ. వాటిలో చాలామంది మందుల కంటె కషాయాల గురించే అడిగారు కాబట్టి, ఈసారి ఆ ప్రశ్నలను ఒకచోట చేర్చి సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో ఎవరు నాలుగు తుమ్ములు తుమ్మినా మా అత్తగారు వెంటనే శొంఠి కషాయం పొయ్యి మీద పెడతారు. హైదరాబాదులో ఇంజినీరింగు చదువుతున్న మా అబ్బాయి ఇదంతా వట్టి నమ్మకమని, కషాయాలతో జలుబు తగ్గదని వాదిస్తాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు వాడికే ఒళ్ళు వెచ్చబడితే, నాయనమ్మ తెచ్చిన గ్లాసును ముట్టుకోలేదు. ఆవిడ చాలా నొచ్చుకున్నారు. ఇంతకీ కషాయం పనిచేస్తుందా, లేదా? మా అత్తగారు తానూ రోజూ తాగుతారు. ఆవిడకు బీపీ ఉంది.
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానిని చంపే కషాయం లేదు. ఆ మాటకు వస్తే మామూలు జలుబు వైరస్‌ను చంపే మాత్ర కూడా ఇప్పటికీ లేదు. వారం, పది రోజులలో మన ఒంటి శక్తే దానిని వదిలించుకుంటుంది. అంతవరకు మీ అబ్బాయి చెప్పినది సరైనదే. అయితే మీ అత్తగారు గ్లాసు తెచ్చి ఇచ్చేటప్పుడు వైరస్‌ను చంపుతానని అనడం లేదు కదా. పిల్లవాడి గొంతు మంట తగ్గాలని, ముక్కు కాస్త తెరుచుకోవాలని, వణుకు తగ్గి ఒక కునుకు పట్టాలని ఆవిడ తాపత్రయం. ఆ మేరకు కషాయం పనిచేస్తుందని చెప్పడానికి ఆధారాలున్నాయి.

బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో జలుబు మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి ఉండేది. అక్కడివారు 2008లో జలుబు, ఫ్లూ లక్షణాలున్న 30 మందికి ఒకే పండ్ల పానీయాన్ని వేడిగానూ, గది వేడిమిలోనూ ఇచ్చి చూశారు. చల్లారిన పానీయం తాగినప్పుడు ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు తగ్గినట్టు అనిపించింది. అదే పానీయం వేడిగా తాగినప్పుడు వాటితోపాటు గొంతు నొప్పి, చలి, అలసట కూడా తగ్గినట్టు అనిపించింది. అయితే ముక్కులోంచి గాలి ఎంత ఆడుతున్నదో యంత్రంతో కొలిస్తే మాత్రం తేడా ఏమీ కనబడలేదు. అంటే వ్యాధి ఉన్నచోటనే ఉంది, బాధ తగ్గింది. జలుబులో మనిషిని మంచాన పడేసేది ఆ బాధే కనుక, దానిని తగ్గించే ఉపాయాన్ని చిన్నచూపు చూడవలసిన పనిలేదని నా అభిప్రాయం.

మన కషాయంలో వేడితోపాటు ఘాటు కూడా ఉంటుంది. కారం, ఘాటు నాలుకకు తగలగానే నోట్లో లాలాజలం, గొంతులో తేమ ఊరతాయి. ఎండి గీరుకుపోయిన గొంతు మీద అది పలచని పూతలా పనిచేసి, పొడి దగ్గును కొంతసేపు ఆపుతుంది. శొంఠి ఘాటు అల్లం ఘాటు కంటె ఎక్కువగా ఉండడానికి కూడా కారణం ఉంది. అల్లాన్ని ఎండబెట్టేటప్పుడు అందులోని జింజెరాల్ అనే పదార్థం కొంత షోగాల్‌గా మారుతుంది, అది మరింత ఘాటైనది. మన పెద్దలకు ఈ పేర్లు తెలియకపోయినా ఏ జబ్బుకు పచ్చి అల్లం, దేనికి శొంఠి అనే వివేచన బాగా తెలుసు.

2006లో చికున్‌గున్యా మన జిల్లాలలో ఇంటింటికీ పాకినప్పుడు నేనూ మంచం పట్టాను. వేళ్ళు మడవలేని స్థితిలో, మా అమ్మ ఇచ్చిన ధనియాల కషాయాన్ని గ్లాసు చుట్టూ రెండు అరచేతులూ చేర్చి పట్టుకుని తాగాను. కీళ్ళ నొప్పి ఆ కషాయంతో పోలేదు, ఆ తరువాత మూడు నెలలపాటు బాధించింది. కానీ ఆ వేడి అరచేతులలో ఉన్నంతసేపూ నా ధ్యాస నొప్పి మీద లేదు. అప్పటికి నేను వైద్యురాలిగా పదేళ్ళు పనిచేసి ఉన్నాను. అయినా రోగికి ఉపశమనం అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలిసినది ఆ రోజే.

మీ అబ్బాయికి ఈసారి మీరే ఇలా చేసి ఇవ్వండి. అర చెంచా శొంఠిని, నాలుగు మిరియాలను, ఒక చెంచా ధనియాలను, అర చెంచా జీలకర్రను కల్వంలో కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్ళలో వేసి, సన్నని సెగ మీద నీళ్ళు సగమయ్యేదాకా మరిగించండి. తులసి ఆకులను మాత్రం మొదటే వేయకూడదు. వాటి గుణమంతా ఆవిరైపోయే నూనెలో ఉంటుంది. మరిగించిన కొద్దీ వంటింట్లో వాసన పెరుగుతుంది గాని గ్లాసులో మిగలదు. అందుకని గిన్నె దించిన తరువాత అయిదారు ఆకులు తుంచి వేసి, అయిదు నిమిషాలు మూత పెట్టి, అప్పుడు వడకట్టండి. ఆయుర్వేద గ్రంథాలు కూడా మరిగించి చేసే క్వాథాన్ని, వేడి నీళ్ళలో నానవేసి చేసే ఫాంటాన్ని వేరు వేరుగా చెప్పాయి. మనం ఇంట్లో ఈ రెండింటినీ కలిపేసుకుంటున్నాం. వేళ్ళు, గింజలు, బెరడు మరగాలి. ఆకులు, పువ్వులు నానితే చాలు.

పొగలు కక్కుతుండగానే గటగటా తాగించడం మన ఇళ్ళలో ఉన్న పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో పానీయాలు తాగే అలవాటు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చునని 2016లో తేల్చింది. గ్లాసును చేత్తో హాయిగా పట్టుకోగలిగేటంత చల్లారనిచ్చి, గుక్క గుక్కగా తాగాలి. పరగడుపున మిరియాల కషాయం తాగితే కడుపులో మంట పుట్టేవారు ఏదైనా కాస్త తిన్నాకనే తాగడం మంచిది.

ఇక మీ అత్తగారి బీపీ సంగతి. శొంఠి, మిరియాలు, ధనియాలు వంటలో వాడినంత మోతాదులో ఆవిడకు ఇబ్బంది కలిగించవు. ఆవిడ వేసుకునే దినుసులలో అతిమధురం ఉందేమో అడగండి. గొంతుకు హాయిగా, నోటికి తియ్యగా ఉంటుందని చాలామంది దగ్గు కషాయంలో దానిని కలుపుతారు. అతిమధురంలోని గ్లిసిరైజిన్ వల్ల ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి పొటాషియం తగ్గుతుంది, రక్తపోటు పెరుగుతుంది. ఒకటి రెండు రోజులు తాగితే ఆరోగ్యవంతులకు పెద్ద ముప్పు ఉండదు. బీపీ ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, ఒంట్లో నీరు తగ్గడానికి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వేసుకునేవారు దానిని పూర్తిగా మానుకోవాలి. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వంటి మందు వాడుతున్నవారు కూడా చిక్కని శొంఠి, పసుపు కషాయాలను తమ డాక్టరుకు చెప్పకుండా రోజూ తాగకూడదు. బెల్లానికి బదులు తాటిబెల్లం వేస్తే చక్కెర వ్యాధి ఉన్నవారికి దోషం లేదనే మాట నిజం కాదు, అదీ చక్కెరే.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్పక తప్పదు. జ్వరం వచ్చినవారికి లంకణం పేరుతో తిండి ఆపి, మూడు నాలుగు రోజులు కషాయాలతోనే గడపడం ఈ రోజులలో ప్రమాదం. ఇది డెంగీ కాలం. డెంగీలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, సరిగ్గా జ్వరం తగ్గుతున్నప్పుడే ప్రమాద సూచనలు కనబడతాయి: కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, విపరీతమైన నీరసం, మూత్రం తగ్గిపోవడం. కషాయంతో జ్వరం దిగిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే సమయమూ అదే. ఆ గుర్తులలో ఏ ఒక్కటి కనబడినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. జ్వరం రెండు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించాలి. కషాయాన్ని ఆపనక్కరలేదు; పరీక్షను వాయిదా వేయకూడదు.

ప్రశ్న: కరోనా కాలంలో మొదలుపెట్టిన తిప్పతీగ కషాయాన్ని మావారు ఇప్పటికీ రోజూ ఉదయం తాగుతున్నారు. ఏ జబ్బూ లేదు, రోగనిరోధక శక్తి కోసమని అంటారు. కొనసాగించవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆపమనే చెబుతాను. 2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన కషాయపు పొడిలో తులసి నాలుగు పాళ్ళు, దాల్చిన చెక్క, శొంఠి రెండేసి పాళ్ళు, మిరియాలు ఒక పాలు ఉండేవి. ఇవన్నీ మన పోపుల డబ్బాకు దగ్గరివే. తిప్పతీగ వాటివంటిది కాదు, అది మందుమొక్క. రోజూ తిప్పతీగ తీసుకుంటున్న ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో ఏకీభవించలేదు; పోలికలున్న మరో జాతి తీగను తిప్పతీగగా పొరబడి ఉండవచ్చునని చెప్పింది. ఆ వాదం సరైనదే అనుకున్నా, పెరటి గోడ మీద పాకిన తీగ ఏ జాతిదో మీవారు ఎలా పోల్చుకోగలరు?

కషాయం సుస్తీగా ఉన్న నాలుగు రోజుల కోసం పుట్టినది. బాగున్న మనిషి ఏళ్ళ తరబడి తాగితే అది ఉపశమనమూ కాదు, వైద్యమూ కాదు. మీవారికి ఒకసారి కాలేయపు పరీక్ష చేయించండి. కళ్ళు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి చచ్చిపోవడం వంటివి ఉంటే ఆలస్యం చేయవద్దు. డాక్టరు అడగకపోయినా తిప్పతీగ సంగతి మీరే చెప్పండి. మందులేమైనా వాడుతున్నారా అని మేము అడిగితే, చాలామంది కషాయాలను మందులలో లెక్కవేయక లేదంటారు.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. మూడో నెల. పొద్దున్నే వికారం, వాంతులు. అక్కడ అందరూ కెమొమైల్, పెప్పర్‌మింట్ టీలు తాగమంటున్నారట. నేను శొంఠి పంపుతానంటే వేడి చేస్తుందేమోనని భయపడుతోంది. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వేవిళ్ళ వికారానికి అల్లం మేలు చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. రోజు మొత్తానికి ఒక గ్రాము శొంఠి మించకుండా, రెండు మూడు సార్లుగా పలచని కషాయం చేసుకుని తాగవచ్చు. అక్కడ తాజా అల్లం దొరుకుతుంది కనుక మీరు పార్సిలు పంపవలసిన అవసరం కూడా లేదు. పెప్పర్‌మింట్ కూడా మంచిదే గాని, కడుపుకూ అన్నవాహికకూ మధ్య ఉన్న బిగువును సడలిస్తుంది కాబట్టి ఛాతీలో మంట ఉంటే ఎక్కువవుతుంది. కెమొమైల్ చామంతి కుటుంబానికి చెందిన పువ్వు. మన దగ్గర వయ్యారిభామ కలుపు, అమెరికాలో రాగ్‌వీడ్ ఆ కుటుంబంవే. వాటి పుప్పొడి పడనివారికి కెమొమైల్ కూడా పడకపోవచ్చు. పైగా గర్భిణుల విషయంలో దానిపై తగినన్ని పరిశోధనలు లేవు, అందుకని తన డాక్టరును అడగకుండా అలవాటు చేసుకోవద్దనండి.

దగ్గు వచ్చినా అడ్డసరం, అతిమధురం రెండూ వద్దు. అడ్డసరం ఆకులోని వాసిసిన్ నుంచే నేటి దగ్గు మందులలో వాడే బ్రోమ్‌హెక్సిన్ రూపుదిద్దుకుంది, అంత గట్టి ఆకు అది; కానీ ఆ వాసిసిన్‌కు గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉంది. నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతుంటే, మూత్రం తగ్గితే, ఏ టీ కోసమూ చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: ఎనిమిది నెలల పాపకు దగ్గు. తులసి రసంలో తేనె కలిపి నాకించమంటున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: ఇవ్వకండి. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. అందులో ఉండే అవకాశమున్న ఒక రకం బాక్టీరియా బీజాలు పసిపేగులలో మొలకెత్తి, నరాలను చచ్చుబరిచే బాట్యులిజం అనే జబ్బు తెస్తాయి. కాచినా ఆ బీజాలు చావవు. తల్లిపాలు మామూలు కంటె ఎక్కువసార్లు పట్టించండి, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేయండి. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. ఏడాది దాటిన పిల్లలకైతే రాత్రి పడుకునే ముందు అర చెంచా తేనె దగ్గుకు నిజంగానే సుఖాన్నిస్తుంది.

ప్రశ్న: నా వయస్సు 74. ఒక్కడినే ఉంటాను. మా ఆవిడ ఉన్నప్పుడు ఒళ్ళు వెచ్చబడితే మిరియాల కషాయం చేసి మంచం దగ్గరికి తెచ్చేది. ఇప్పుడు జ్వరం వస్తే లేచి పొయ్యి వెలిగించే ఓపిక ఉండదు. బజారులో దొరికే టీ పొట్లాలు వాడవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వాడవచ్చునండీ, పొట్లం మీద దినుసుల పేర్లన్నీ చదివి, అతిమధురం లేనిది చూసుకోండి. ఇంకో మార్గం కూడా ఉంది. ఒంట్లో బాగున్న రోజున శొంఠి, మిరియాలు, ధనియాలు, జీలకర్ర దోరగా వేయించి పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి. నెల రోజులు ఘుమఘుమలాడుతూ ఉంటుంది. జ్వరం తగిలినట్టు అనిపించిన సాయంత్రమే, ఓపిక ఉండగానే, ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు పోసి, పొడి సీసా, గ్లాసు, చెంచాతో సహా మంచం పక్కన పెట్టుకోండి. రాత్రి లేవకుండానే కలుపుకోవచ్చు. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల డాక్టరు నీటికి పరిమితి పెట్టి ఉంటే ఆ గ్లాసును కూడా లెక్కలో వేసుకోవాలి.

మరొక్క పని చేయండి. జ్వరం వచ్చిన రోజున పక్కింటివారికి ఆ మాట చెప్పి, ఉదయం ఒకసారి తలుపు తట్టమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. వాళ్ళు ఖాళీ చేతులతో రారు, గ్లాసుతోనే వస్తారు.